చంద్రునికి పోని గడియారం

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు 15 నిమిషాలు గడువిచ్చినారు. "ఏ విషయమైనా మాట్లాడండి గాని పంచాంగ శ్రవణం వేళకు అడ్డం రాకండి" అన్నారు. అందుచేత, ఇదుగో, మీ అందరి ఎదుట ఈ చేతిగడియారం పై మీట నొక్కుతున్నాను. ముల్లు బయలుదేరింది. ఇక నేను మాట తప్పితే మీకు సాక్ష్యం ఉన్నది.

ఈ గడియారమే నేటి నా విషయం. ఇది క్రోనోగ్రాఫు జాతిది. మామూలు గడియారాన్ని మనం "గంటెంత?" అని అడుగుతాము. దీన్ని "ఎంతసేపయింది?" అని కూడ అడగవచ్చు. పై మీట నొక్కితే లెక్క మొదలు; మళ్ళీ నొక్కితే ఆగుతుంది; క్రింది మీట నొక్కితే ముల్లు తిరిగి సున్న దగ్గరకు వచ్చి నిలుచుంటుంది. అంతే. ఈ చిన్న వసతి కోసం నేను నా పింఛనులో ఒక నెలదీ, ఇంకొంచెమూ ఖర్చు చేసినాను. ఇంట్లో ఏ మర్యాద దొరికిందో పెళ్ళయినవారికి చెప్పనక్కరలేదు. "గోడమీద ఒకటి, ఫోనులో ఒకటి, మీ నాయనది బీరువాలో ఒకటి. ఈ నాలుగోది కట్టుకుంటే కాలం మీ కోసం కాసేపు ఆగుతుందా?" అన్నది నా భార్య. ఆగుతుంది, మీట నొక్కితే చాలు అన్నాను. ఆ పూట కాఫీ కొంచెం ఆలస్యంగా వచ్చింది.

కొనడానికి కారణం లేకపోలేదు. 2023 ఆగస్టు 23 సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు చంద్రయాన్-3 చంద్రుని మీద దిగింది. జూలై 14న మన శ్రీహరికోటలో బయలుదేరిన నౌక అది. దాన్ని నడిపించిన కేంద్రం ఈ బెంగుళూరులోనే, పీణ్యలో ఉన్నది. మా ఇంటికి అది ఎంతో దూరం కాదు. ఆ సాయంత్రం ఏడేళ్ళ నా మనవణ్ణి ఒడిలో కూర్చుండబెట్టుకొని టెలివిజను చూస్తూ ఉంటే, నాకు నా పదేళ్ళ వయస్సు, అనగా 1971వ సంవత్సరం, కళ్ళముందుకు వచ్చింది. మా నాయన రేడియో చెవి దగ్గర పెట్టుకొని అపోలో 15 వార్తలు విని, మాకు అర్థమయ్యేటట్లు చెప్పిన రోజులవి. ఆ మరుసటి నెలలోనే నేను గడియారాల అంగడి మెట్లు ఎక్కినాను.

ఇప్పుడు ఆ అపోలో 15 కథ చెప్పాలి. 1971 జూలై 26న ముగ్గురు బయలుదేరినారు. వారిలో డేవిడ్ స్కాట్, జేమ్స్ ఇర్విన్ అనే ఇద్దరు జూలై 30న హేడ్లీ అనే కొండల దగ్గర దిగినారు. మూడోవాడు ఆల్ఫ్రెడ్ వోర్డెన్ పైన తిరుగుతూ ఉండిపోయినాడు. చంద్రుని మీద బండి నడిపినది వీరే మొదలు. చేతులకు అమెరికా ప్రభుత్వ సంస్థ నాసా వారిచ్చిన ఒమేగా గడియారాలు. నాసా వారు కొన్ని గడియారాలను వేడిలో కాల్చి, చలిలో బిగదీసి, గాలిలేని డబ్బాలో పెట్టి, గడగడలాడించి, చివరకు 1965లో ఆ ఒమేగా స్పీడ్‌మాస్టర్‌ను ఒప్పుకున్నారు. అది సామాన్యమైన వస్తువు కాదు. 1970లో అపోలో 13 వారు ప్రమాదంలో చిక్కుకొని తిరిగి వచ్చేటప్పుడు, దారి సర్దుకోవడానికి యంత్రాన్ని 14 సెకండ్లు మండించవలసి వస్తే, ఆ లెక్క చూచినది ఆ జాతి గడియారంతోనే.

అటువంటి గడియారానికి కూడ స్కాట్ చేతిమీద ఒక ఆపద వచ్చింది. రెండవసారి నడక ముగించి లోపలికి వచ్చి చూసుకుంటే పై అద్దం లేదు. ఎక్కడో ఊడిపోయింది. చంద్రుని మీద గంట తెలియకపోతే కొంపలు మునుగుతాయా అని మీరు అడగవచ్చు. మునుగుతాయి. వీపున మోసే పెట్టెలో ఊపిరి ఇంత, చల్లబరిచే నీళ్ళు ఇన్ని, విద్యుత్తు ఇంత అని కొలిచి పెట్టినవే. బండి మీద ఎంత దూరం పోయినా, అది చెడిపోతే కాలినడకన తిరిగి రాగలిగినంత దూరమే పోవాలి. ఆ లెక్కంతా "ఎంతసేపయింది?" అనే ప్రశ్న మీద నిలిచి ఉన్నది.

స్కాట్ దగ్గర అదృష్టవశాత్తు తన సొంత గడియారం మరొకటి ఉన్నది. అది బులోవా కంపెనీవారి క్రోనోగ్రాఫు. ఆగస్టు 2న మూడవ నడకకు దాన్ని అంగీ మీద కట్టుకొని పోయినాడు. ఆ నడక ముగింపులోనే అతడు ఒక చేత సుత్తి, మరొక చేత పక్షి ఈక పట్టుకొని ఒక్కసారే వదిలినాడు. గాలి లేదు గనుక రెండూ ఒకేసారి నేలకు చేరినవి. గెలీలియో చెప్పింది నిజమే అన్నాడు. 2015 అక్టోబరులో ఆ గడియారాన్ని అమెరికాలో వేలం వేస్తే 16,25,000 డాలర్లు పలికింది. ఆ మరుసటి సంవత్సరం, 2016లో, కంపెనీవారు ఆ రూపమే మళ్ళీ అచ్చుపోసి అమ్మకానికి పెట్టినారు. నా చేతికి ఉన్నది ఆ అచ్చులోదే. పుస్తకాలకు పునర్ముద్రణ లేదూ, అట్లాగన్నమాట.

అచ్చు అదే గాని లోపలి ప్రాణం అది కాదు. స్కాట్‌ది కీ ఇచ్చి నడిపే గడియారం. ఇది బ్యాటరీతో నడిచేది. లోపల ఒక స్ఫటికం సెకండుకు 2 లక్షల 62 వేల సార్లు కంపిస్తుంది. మామూలు బ్యాటరీ గడియారాలలో అది 32,768 సార్లే; అంటే దీనిది ఎనిమిదింతలు. అందుచేత నెలలు గడచినా సెకండ్ల లోపలే ఉంటుంది. తేదీ చూపే చిన్న కిటికీ ఒకటి ఇందులో పెట్టినారు. అసలుదానికి అది లేదు. ముఖం వెడల్పు 45 మిల్లీమీటర్లు. నా సన్నని మణికట్టు మీద గారెల పెనం పెట్టినట్లున్నదని మా కోడలు అంటుంది. పూర్తిచేతుల చొక్కా వేసుకుంటే అంచు దీనిమీదకు రాదు. తరువాత 43.5 మిల్లీమీటర్లది కూడ వచ్చింది. మీలో ఎవరైనా కొనదలిస్తే అది కట్టుకొని చూసి మరీ కొనండి. అన్నట్లు, ఈ పొడుగాటి మీటలు చేయి మడిచి పడుకుంటే గుచ్చుకుంటాయి.

ఇంతవరకు చెప్పినది గొప్ప. ఇక సిగ్గుపడవలసిన సంగతి చెబుతాను.

అంగడిలోని కుర్రవాడు "సార్, చంద్రుని మీదికి పోయిన గడియారం ఇదే" అన్నాడు. అది వాడి వ్యాపారం. నేను మాత్రం ఆ మాటను ఇంటికి మోసుకొని వచ్చినాను. హిందూపురంలో ఒక పెళ్ళిలో మా బావమరిది నా చేయి పట్టుకొని, "బావా, చంద్రునికి పోయిందంటారే, ఆ గడియారమేనా ఇది?" అన్నాడు. నేను చిరునవ్వు నవ్వి ఊరకున్నాను. నలుగురు మూగినారు. మేనత్త ఒకామె దీన్ని తాకి కళ్ళకు అద్దుకున్నది. అప్పుడైనా నోరు విప్పవలసింది. విప్పలేదు. ఊళ్ళో ఉన్నవారి ముందు, పరాయి రాష్ట్రంలో స్థిరపడినవాడికి ఏదో ఒక గొప్ప చూపించాలనే చాపల్యం మీలో కొందరికైనా తెలియకపోదు.

నా మనవడు అడిగినప్పుడు ఊరకుండడం కూడ కాదు, "ఔను, పోయింది" అనేసినాను. వాడు బడికి పోయి, "మా తాత గడియారం చంద్రుని మీద నడిచింది" అని చెప్పినాడు. తోటిపిల్ల ఒకతె, అసలుది వేలంలో అమ్మినారు, ఎవరో కొన్నారు, మీ తాతకెట్లా వస్తుంది అని నలుగురిలో నిలదీసింది. వాడు ఇంటికి వచ్చి ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సులువుగా ఉండేది. బూట్లు విప్పకుండానే నా ఎదుట నిలబడి, "తాతా, నువ్వు అబద్ధం చెప్పినావా?" అన్నాడు.

చెప్పినానన్నాను. తరువాత ఏమి చెప్పాలో తోచక, బీరువా తీసి మా నాయన గడియారం వాడి చేతిలో పెట్టినాను.

అది హెచ్.ఎం.టి. జనతా. 1961లో జపానుదేశపు సిటిజన్ కంపెనీ సహకారంతో ఈ బెంగుళూరులో హెచ్.ఎం.టి. గడియారాల ఫ్యాక్టరీ వచ్చింది. మా నాయన 1963లో హిందూపురం నుంచి వచ్చి అందులో పనికి చేరినారు. కంటికి బూతద్దం బిగించుకొని, ఆవగింజంత మరలు చిమటాతో పట్టి కూర్చేవారు. ఇంట్లో మజ్జిగ చిలికేవేళ కూడ ఆయన చెయ్యి వణికేది కాదు. జాలహళ్ళిలో మా వీథినిండా అటు హిందూపురం, ఇటు మదనపల్లె, కదిరి నుంచి వచ్చినవారే. ఆ వీథిలో ఎవరి ఇంట బిడ్డ పుట్టినా మొదట పరుగెత్తుకొని వచ్చేది మా ఇంటికే. "అన్నా, గంటెంత?" అని. రోజూ ఆకాశవాణి వార్తలకు ముందు వచ్చే కూతలకు సరిచూసుకున్న గడియారం గనుక మా నాయనది తప్పదని వారి నమ్మకం. రాత్రి రెండు గంటలకైనా ఆయన లేచి, దీపం వెలిగించి, గంట, నిమిషం కాగితం మీద రాసి ఇచ్చేవారు. ఇరవై ముప్ఫై జాతకాలకు ఆ జనతాయే ఆధారం. ఆ పిల్లలు కొందరు తాతలై ఈ సభలోనే కూర్చున్నారు. వారి జాతకఫలాలు తప్పినాయంటే దోషం ఆ గడియారానిది మాత్రం కాదు.

ఇదంతా చెప్పినాక మనవడు, "అయితే ముత్తాత గడియారం ఏ ఊళ్ళకు పోయింది?" అన్నాడు. హిందూపురం పోయింది, జాలహళ్ళి పోయింది, నా చెల్లెలు పుట్టిన రాత్రి ఆసుపత్రికి పోయింది, 2011లో మా నాయన పోయిన రోజున కూడ ఆయన చేతికే ఉన్నది అన్నాను. "నిజంగా పోయిందా?" అన్నాడు. నిజంగా పోయింది అన్నాను. ఆ ప్రశ్న నాకు చాలినంత శిక్ష.

మరొక సంగతి నాకు ఆ తరువాత తెలిసింది. చంద్రునికి పోయిన గడియారం చేసిన బులోవా కంపెనీని 2008లో సిటిజన్ కంపెనీ కొన్నది. మా నాయనకు పని నేర్పిన కంపెనీ, నా చేతి గడియారం కంపెనీని కొన్నదన్నమాట. ఈ రెండు గడియారాలకు ఇప్పుడు ఏ వరుస కలపాలో మా ఇంట ఆడవారే తేల్చాలి. ఆ బులోవా అనే ఆయన కూడ బొహీమియా నుంచి అమెరికాకు వలసపోయి 1875లో న్యూయార్కులో చిన్న అంగడి పెట్టుకున్నవాడే. ఇక, 2016 జనవరిలో హెచ్.ఎం.టి. గడియారాల కంపెనీని మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్నది. నా చేతిలోది పునర్ముద్రణ పొందిన సంవత్సరమే అది. మా నాయన ఆ వార్త వినలేదు.

ఇక్కడ మనం చేసుకొనే ఉగాదిని కూడ ఊళ్ళోని బంధువులు కొందరు నకలు అంటారు. మా అమ్మ మాత్రం, బెంగుళూరు చెట్టు వేపపువ్వు ఇంకొంచెం చేదు అనేది. ఈ మాట ఎందుకు గుర్తుకొచ్చిందో తెలియదు. కార్యదర్శిగారు గడియారం వైపు చూస్తున్నారు.

నాయన గడియారాన్ని చిక్కపేటలో ఒక ముసలి పనివానికి చూపించినాను. శుభ్రం చేసి, చుక్క నూనె వేసి ఇచ్చినాడు. నడుస్తున్నది, రోజుకు రెండు నిమిషాలు ముందుకు. మనవడు ప్రతి ఉదయం దానికి కీ ఇచ్చి, నా గడియారంతో సరిచూసి, తేడాను నోటుబుక్కులో రాసి, మళ్ళీ సరిచేస్తాడు. దీన్ని వాడు చంద్రుని గడియారం అనడం మానుకున్నాడు. "దానిలాంటిది" అంటాడు.

క్రొత్త ఉపయోగాలు వాడే కనిపెట్టినాడు. దీని ముఖం చుట్టూ వేగం కొలిచే అంకెలున్నవి. మొన్న సంక్రాంతికి హిందూపురం పోతూ, గౌరిబిదనూరు దాటినాక, రైలు కిటికీలో కిలోమీటరు రాయి కనబడగానే మీట నొక్కినాడు, రెండవ రాయికి ఆపినాడు. 48 సెకండ్లు. ముల్లు ఎదుట 75 అని ఉన్నది. గంటకు 75 కిలోమీటర్లు. బోగీలో అందరికీ చెప్పి వచ్చినాడు. ఒక పెద్దాయన గడియారం చూసి, "ఇదేనా బాబూ చంద్రునికి పోయింది?" అన్నారు. నేను నోరు తెరిచేలోపల, "పోలేదండి, హిందూపురం పోతున్నది" అన్నాడు వాడు. ఊరు చేరినాక నేను మేనత్త ఇంటికి పోయి, మా బావమరిదిని కూడ పిలిపించి, అసలు సంగతి చెప్పినాను. ఆమె నవ్వి, "తెలుసులేరా, అయినా చేతికి బాగుంది" అన్నది.

మూడవ వరుసలో నా మనవడు చెయ్యి ఊపుతున్నాడు. ముత్తాత గడియారంలో అప్పుడే ఏడు గంటలయిందట. ఏడుకు ఇంకా రెండు నిమిషాలున్నది. మీట నొక్కినాను, 14 నిమిషాల 40 సెకండ్లు. శాస్త్రిగారూ, పంచాంగం తీసుకొని దయచేయండి.