కదిలే రైలెక్కబోయి పడితే తప్పెవరిది?

మన గుంతకల్లు జంక్షన్‌లో ఈ సీన్ మీరూ చూసుంటారు. రైలు కదిలిపోతుంటుంది, వాటర్ బాటిల్ కోసం దిగినాయన పరుగెత్తుకొస్తాడు. ఎక్కేస్తే సరే. కాలు జారితే? "కదిలే రైలెక్కడం ఆయన తప్పే కదా" అంటారు చుట్టూ ఉన్నవాళ్లు. ఇంట్లోవాళ్లూ అదే నమ్మేస్తే ఇక క్లెయిమ్ వేసేదెవరు?

మామూలు నష్టపరిహారం కేసులో మూడు నిరూపించాలి. అవతలివాళ్లకి జాగ్రత్త తీసుకునే బాధ్యత ఉంది, దాన్ని వాళ్లు తప్పారు, మన దెబ్బకి కారణం ఆ తప్పే. మూడోది తేల్చడం మహా కష్టం. కానీ 1989 రైల్వే చట్టం 124ఏ సెక్షన్‌లో ఈ తలనొప్పి లేదు. ప్రయాణికుడు రైల్లోంచి ప్రమాదవశాత్తు పడ్డాడా? అంతే. రైల్వే తప్పున్నా లేకున్నా పరిహారం కట్టాలి. ఆత్మహత్య, కావాలని చేసుకున్న గాయం, సొంత నేరం, తాగిన మత్తు, మతిస్థిమితం లేకపోవడం, జబ్బు... వీటికి మాత్రం రాదు.

"కావాలని చేసుకున్న గాయం" అన్నచోటే రైల్వే లాయర్లు పట్టుకుంటారు. పరుగెత్తి ఎక్కాడు కదా, చేతులారా చేసుకున్నదే అని. కేరళలో వర్కల స్టేషన్లో 1996లో ఒక మహిళ అలాగే పడి చనిపోయారు. ట్రిబ్యునల్ కాదంది, అప్పీల్లో హైకోర్టు ఇచ్చింది, 2008లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. 2018 మే 9 తీర్పులో ఇంకా క్లియర్‌గా చెప్పింది: ఎక్కుతూ దిగుతూ పడినా పరిహారం ఉంది, అజాగ్రత్త వేరు, గాయం చేసుకోవాలన్న ఉద్దేశం వేరు. నాకైతే ఇదే న్యాయం అనిపిస్తుంది. వాటర్ బాటిల్ కోసం దిగినోడు చావాలని దిగడు కదా!

టికెట్ పోయిందా? భయపడొద్దు. శవం దగ్గర టికెట్ దొరకనంత మాత్రాన ప్రయాణికుడు కాదనలేరని అదే తీర్పు చెప్పింది. కుటుంబం ముందుగా వివరాలతో అఫిడవిట్ వేయాలి, ఆ తర్వాత కాదని చూపించే భారం రైల్వేది. అయితే పట్టాల మీద శవం దొరికింది అన్న ఒక్క ముక్కతో కేసు గెలవదు. ఎక్కడ ఎక్కాడు, ఎక్కడికి పోతున్నాడు, స్టేషన్‌దాకా ఎవరు దింపారు, ఇవన్నీ రాయించండి. రైల్వే పోలీసుల రిపోర్టు, పంచనామా కాపీలు దాచుకోండి.

మరణానికి పరిహారం 2017 జనవరి 1 నుంచి 8 లక్షలు. రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో ఏడాది లోపు దరఖాస్తు పెట్టాలి. లేటైతే సరైన కారణం చూపించాలి. అక్కడ కొట్టేస్తే 90 రోజుల్లో హైకోర్టుకి అప్పీలు. వర్కల కుటుంబం గెలిచింది ఆ మెట్టు దగ్గరే.