ఒక పాఠము – పలువురు గురువులు
(మహాసభ విద్యాగోష్ఠియందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చి తీర్మానము చేయని కులమహాసభ అరుదు. వసతిగృహములు, విద్యార్థివేతనములు, ఉచిత పుస్తకములు, ఇవి మన దాతల కీర్తికి స్తంభములు. ఇవి బాలుని బడి గుమ్మమువరకు చేర్చినవి. గుమ్మము దాటిన పిమ్మట, తలుపు మూసిన తరగతిలో, ఆ నలువది నిమిషములలో వానికేమి లభించుచున్నది? నేడు మేము విన్నవింపదలచినది ఈ యొక్క ప్రశ్నను గూర్చియే.

2024వ సంవత్సరపు అసర్ సర్వేను చూడుడు. గ్రామీణ భారతదేశమున మూడవ తరగతి పిల్లలలో రెండంకెల తీసివేత చేయగలిగినవారు నూటికి సుమారు 34 మంది మాత్రమే. ఇంట చదివించువారు గల బిడ్డ బడిలో జారవిడిచినదానిని ఇంట ఏరుకొనును. తల్లిదండ్రులు తెల్లవారకముందే పనికి పోవు నింటి బిడ్డకు, ఆ యింట తొలిసారి పలక పట్టిన బిడ్డకు, ఆ యవకాశము లేదు. వానికి బడిలోని పాఠమే ఆస్తి. అది చెడినచో వానికి మరియొక ఆధారము లేదు.

పాఠము చెడినపుడు లోకము ఉపాధ్యాయుని నిందించును. తనిఖీ చేయుడనును, బదిలీ చేయుడనును, వేసవిలో శిక్షణకు పంపుడనును. ఉపాధ్యాయుడో, తన తరగతిలో ఒంటరి. ముప్పది యేండ్లు బోధించి విశ్రాంతి గైకొనునాడు తాను నేర్చిన మెలకువ లన్నియు తనతోనే తీసికొనిపోవును. తరువాతివాడు మరల ఓనమాలతో ప్రారంభించును. వైద్యుడు రోగి విషయమై తోటి వైద్యుల నడుగును. న్యాయవాది పెద్దల యొద్ద మెలకువలు నేర్చును. బోధకుడు మాత్ర మేల ఒంటరిగా నుండవలెను?

ఈ ప్రశ్నకు జపాను దేశము నూటయేబది యేండ్లుగా ఒక సమాధానము చెప్పుచున్నది. 1872కు పూర్వము అచ్చట తెరకోయ అను బడు లుండెడివి. మన వీథిబడులయందువలెనే ఒక్కొక్క బాలునికి వాని వేగమునుబట్టి వేరువేరుగా చెప్పుట వాడుక. 1872లో నూతన విద్యాశాసనము వెలువడెను. ఆ యేటనే టోక్యోలో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల స్థాపింపబడెను. మారియన్ స్కాట్ అను అమెరికా దేశీయుడు తరగతినంతటిని ఒక్కుమ్మడిగా బోధించు పద్ధతిని అచ్చట నేర్పెను. పద్ధతి కొత్తది గావున ఒకరి పాఠమును పలువురు చూచి చర్చించుకొనుట అవసరమయ్యెను. ఆ యవసరము ఆచారమై నేటికిని నిలిచియున్నది. వారు దానిని జుగ్యో కెన్క్యు అందురు. మనము పాఠపరిశోధన యనవచ్చును.

అన్యదేశములు దీనిని చాలకాలము గమనింపలేదు. 1995లో జపాను, జర్మనీ, అమెరికా దేశములందలి ఎనిమిదవ తరగతి గణితపాఠములను చలనచిత్రములుగా తీసి పోల్చిరి. ఆ పరిశీలన ననుసరించి స్టిగ్లర్, హీబర్ట్ అను నిరువురు పండితులు 1999లో ప్రకటించిన గ్రంథము ఈ ఆచారమును లోకమునకు ప్రసిద్ధము గావించెను. అటుపిమ్మట అది సింగపూరు, ఇండొనీషియా, ఇంగ్లండు మొదలగు దేశములకు వ్యాపించినది.

దాని విధానము మిక్కిలి సులభము. నలుగు రైదుగురు ఉపాధ్యాయులు కూడి, పిల్లలు తరచుగా తడబడు పాఠము నొక్కదానిని ఎన్నుకొందురు. పాఠ్యపుస్తకమును ముందు పెట్టుకొని, ఏ లెక్క ముందు, ఏ ప్రశ్న వెనుక, దానికి పిల్లలు చెప్పదగిన ఉత్తరము లెవ్వి, తప్పుటుత్తరము వచ్చినచో దానిని త్రోసివేయక దారికి తెచ్చు టెట్లు, నల్లబల్లపై ఏది యెచ్చట వ్రాయవలెను, ఇవి యన్నియు ముందుగనే వ్రాసికొందురు. అందొకరు నిజమైన తరగతిలో ఆ పాఠము చెప్పుదురు. తక్కినవారు చూతురు. వారు చూచునది ఉపాధ్యాయుని గాదు, పిల్లలను. ఒక్కొక్కరు కొందరు పిల్లల ప్రక్కన నిలిచి, వారికి సాయము చేయక, వారి మాటలను, వ్రాతలను, తుడుపులను గుర్తించుకొందురు. సాయంకాలము చర్చ. పాఠము చెప్పినవారు మొదట మాటలాడుదురు, పిదప చూచినవారు, తుదకు అనుభవజ్ఞుడగు అతిథి. పాఠమును దిద్ది, సాధ్యమైనచో మరియొక తరగతిలో మరియొకరు చెప్పుదురు. ఫలితమును వ్రాసి దాచుదురు.

ఇంతమాత్రమునకు ఇంత ప్రయాస యేల యని సభ్యులకు తోచవచ్చును. ఒక్క ఉదాహరణము మనవి చేసెదము. చిన్న తరగతిలో తీసివేతను నేర్పవలయును. పండ్రెండులో మూడు పోగా ఎంత యని అడిగినచో బాలుడు వ్రేళ్ళు మడచుచు పదకొండు, పది, తొమ్మిది యని వెనుకకు లెక్కించి ఉత్తరము చెప్పును. ఉత్తరము సరియే, కాని పదితో వానికి పని పడలేదు. పదమూడులో తొమ్మిది పోగా ఎంత యని అడుగుడు. తొమ్మిది మెట్లు వెనుకకు దిగుట విసుగు. చింతపిక్కలను పది యొక కుప్పగాను, మూడు వేరుగాను పెట్టినచో, పదికుప్పనుండి తొమ్మిది తీసినచో ఒకటి మిగులును, దానికి మూడు చేర్చినచో నాలుగు అని వాడే కనిపెట్టును. పైతరగతిలో పదులస్థానమునుండి అప్పు తెచ్చుటకు ఇదియే బీజము. అంకెను మార్చినంతనే పాఠము మారినది.

ఇక భాషను చూడుడు. పదమూడు అను మాటలో పదియును మూడును చెవికి స్పష్టముగా వినబడుచున్నవి. పండ్రెండు అను మాటలో పది మరుగుపడినది. జపాను భాషలో పదునొకటి మొదలు పందొమ్మిది వరకును పది స్పష్టముగా వినబడును. ఇంగ్లీషు మాధ్యమమున చదువు మన బాలునికి థర్టీన్ అను మాటలో పది వినబడనే వినబడదు. కాబట్టి జపాను పాఠమును తెచ్చి మన బడిలో అతికించిన చాలదు. మన పిల్లల నాలుక నెఱిగిన మన ఉపాధ్యాయులే కూర్చుండి మన పాఠమును కట్టవలయును. ఈ సూక్ష్మములు ఒకరికి తోచనిచో మరియొకరికి తోచును. ఎవ్వరికిని తోచనిది పిల్లల పలకపై కనబడును.

ఈ పద్ధతి యందలి ధర్మసూక్ష్మ మొకటి గలదు. పాఠము అందరును కలసి కట్టినది గావున, అది చెడినచో చెప్పినవానికి అవమానము లేదు. తప్పు పాఠమునది, దిద్దుబాటు అందరిది. అవమానభయము తొలగినచోటనే మనుష్యుడు నేర్చును. అట్లుగాక, ముందుగా పిల్లలచేత వల్లె వేయించి చూపరుల కొఱకు నాటకమాడించినను, చూచినవారు మార్కులు వేసి పైయధికారులకు పంపినను, పాఠపరిశోధన చచ్చి తనిఖీ మిగులును.

మన రాష్ట్రములకు ఇది పూర్తిగా కొత్త కాదు. 1964–66 నాటి కొఠారీ కమిషను సమీపపు బడుల నొక సముదాయముగా కూర్పవలయునని సూచించెను. మన స్కూలు కాంప్లెక్సు సమావేశములకు మూల మా భావమే. 2020 నాటి జాతీయ విద్యావిధానము ప్రతి ఉపాధ్యాయునికిని ఏటేట కనీసము 50 గంటల వృత్త్యభివృద్ధి యుండవలయునని చెప్పినది. ఆ గంటలు ఉపన్యాసములు వినుటలో గడచునో, ఒక పాఠమును పట్టి దిద్దుటలో గడచునో, అదియే తేడా.

కావున మహాసభవారి సమ్ముఖమున మూడు విన్నపములు. మొదటిది: మన కులమున ఉపాధ్యాయవృత్తి యందున్నవారు జిల్లాకొక చిన్న బృందముగా ఏర్పడి, అన్ని కులముల తోటి ఉపాధ్యాయులను పిలుచుకొని, పాఠశాల యనుమతితో ఏడాదికి రెండు పాఠములైనను పరిశోధింపవలయును. తరగతిలో మన బిడ్డ యొక్కడే కూర్చుండడు. మంచి పాఠము ప్రక్కబల్లపై నున్న బిడ్డకును దక్కును, దక్కవలయును. రెండవది: పోషకులు ఆ దినముల రాకపోకలకును, మధ్యాహ్నభోజనమునకును అయ్యెడి వ్యయమును భరింపవలయును. ఒక గది కట్టించుటతో పోల్చినచో ఇది స్వల్పము; అయినను ఆ గదిలో జరుగు పనికి ప్రాణ మిదియే. మూడవది: అట్లు దిద్దిన పాఠములను వచ్చు మహాసభ సంచికలో దాతల ఛాయాచిత్రముల సరసనే అచ్చు వేయవలయును. చదివిన ఉపాధ్యాయుడు మరునాడే దానిని తన తరగతిలో చెప్పి చూచుకొనును.

పూర్వులు మనకు బడి కట్టించి యిచ్చిరి. బడిలోని పాఠమును కట్టుట మనవంతు.