పని మనది, యజమాని ఎవరు?



మన వాడల నుంచి రైసుమిల్లుకీ, క్వారీకీ, ఇటుక బట్టీకీ పోయేవాళ్ళని "మీ యజమాని ఎవరు?" అని అడగండి. "మేస్త్రీ" అంటాడొకడు. "కాంట్రాక్టరు" అంటుంది ఇంకొకామె. కూలి పంచేవాడే యజమాని అనుకుంటున్నాం. మన కొంప ముంచేది ఇదే. కూలి ఎగ్గొట్టిన రోజున మేస్త్రీ ఊళ్ళో ఉండడు. అప్పుడెవరిని పట్టుకోవాలి?

వ్యాపారం ఎవరిదో ముందు తెలియాలి. ఒక్కడే పెట్టుబడి పెట్టి నడిపితే సొంత వ్యాపారం. లాభమూ అతనిదే, అప్పూ అతనిదే. మన కూలి బాకీకి అతని సొంత ఆస్తి కూడా పూచీ. ఇద్దరు ముగ్గురు కలిస్తే భాగస్వామ్యం. "నాకు తెలీదు, ఆయన్నడుగు" అని ఒక భాగస్తుడు తప్పుకుంటే చెల్లదు. 1932 చట్టం ప్రకారం బాకీకి అందరూ బాధ్యులే. కంపెనీ సంగతి వేరు. చట్టం లెక్కలో కంపెనీయే ఒక మనిషి. వాటాదారుడికి పోయేది అతని వాటా వరకే, అతని ఇంటి జోలికి మనం పోలేం. అందుకే కంపెనీ దగ్గర బాకీ పేరుకుపోనివ్వకూడదు. సహకార సంఘమైతే సభ్యులే యజమానులు, మనిషికొక ఓటు.

ఇక సర్కారు సంస్థ. సింగరేణిలో నూటికి 51 వాటాలు తెలంగాణ ప్రభుత్వానివి, 49 కేంద్రానివి. సర్కారుది కాబట్టే ఉద్యోగాల్లో మనకి రిజర్వేషన్. ప్రైవేటోడి చేతికి పోతే అది పోయినట్టే. 2021 జనవరిలో విశాఖ ఉక్కును అమ్మాలని కేంద్రం నిర్ణయిస్తే కార్మికులు రోడ్డెక్కింది ఊరికే కాదు. యజమాని మారితే మన పిల్లల బతుకు మారుతుంది.

మరి మధ్యలో కాంట్రాక్టరు ఉంటే? అతను కూలి ఎగ్గొడితే అసలు యజమానే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ కూడా అదే చెబుతోంది. గేటు మీద బోర్డు చదివి పేరు రాసుకోండి. చదువుకున్న పిల్లలతో రోజువారీ హాజరు రాయించండి.

ఒక్కడు అడిగితే పనిలోంచి తీసేస్తారు. అందుకే యూనియన్. ఏడుగురు కలిసి రిజిస్ట్రేషనుకి దరఖాస్తు పెట్టొచ్చు. సభ్యులు మాత్రం పనిచేసేవాళ్ళలో పదోవంతో, వందమందో, ఏది తక్కువైతే అంతమంది ఉండాలి. ఏడుగురికి తగ్గకూడదు.

అయితే యూనియన్లోనూ కులం ఉంటుంది. బొంబాయి బట్టల మిల్లుల్లో కూలి ఎక్కువొచ్చే నేత ఖాతాలోకి మనోళ్ళని రానివ్వలేదు. దారాన్ని నోటితో తడపాలి కాబట్టి మైలపడుతుందని తోటి కార్మికులే అడ్డుపడ్డారు. 1938లో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో అంబేద్కర్ కార్మికులకి శత్రువులు ఇద్దరని చెప్పారు: బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం. అలాగని ఆయన యూనియన్లని వదిలెయ్యలేదు. అదే ఏడాది నవంబరు 7న, సమ్మె హక్కుకి గండికొట్టే బిల్లు మీద బొంబాయిలో జరిగిన సమ్మెలో కమ్యూనిస్టులతో కలిసి నిలబడ్డారు.

మనమూ అంతే. యూనియన్లో చేరదాం. జెండా మొయ్యడానికే కాదు, కమిటీలో కూర్చోడానికీ, యజమాని ఎదురుగా కూర్చుని కూలి రేటు మాట్లాడ్డానికీ మనోళ్ళే ముందుండాలి. ఊరికి పోయాక ఈ వారంలోనే ఒక పని చెయ్యండి: మీరు పనిచేసే చోటు ఎవరిదో కనుక్కోండి.