కరెంటు అమ్మేవాళ్లం కావాలంటే
(వార్షిక మహాసభలో సమాఖ్య పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు ఇందాక విన్నారు. ఇప్పుడు ఎజెండాలో ఉన్న సోలార్ ప్లాంటు సంగతి మాట్లాడుకుందాం. మహిళా సంఘాల ద్వారా 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని మన తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మనం తీసుకుందామా వద్దా అని తీర్మానం చేసే ముందు, ఒక చిన్న రాష్ట్రం కరెంటు విషయంలో ఏం చేసిందో మీ ముందు పెడతాం.

కెనడా దేశంలో అన్నింటికన్నా చిన్న రాష్ట్రం ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్. చుట్టూ సముద్రం. విస్తీర్ణం 5,660 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి జిల్లా కన్నా చిన్నది. ఆలుగడ్డల సాగు, చేపలు, టూరిస్టులు, ఇవే అక్కడి బతుకుదెరువు. బొగ్గు లేదు, చమురు లేదు, పెద్ద డ్యామ్ కట్టేంత నది లేదు. ఒకప్పుడు కరెంటు దాదాపు అంతా బయటి నుంచి తెచ్చిన చమురు కాల్చి తీసేవాళ్లు. 1973లో చమురు ధరలు పెరిగేసరికి ఆ భారం వాళ్ల బిల్లుల మీద పడింది. 1977లో పక్క రాష్ట్రం నుంచి సముద్రం అడుగున రెండు కేబుళ్లు వేసుకున్నారు. కొంత ఊపిరి ఆడింది గానీ, కరెంటు కొన్న డబ్బు బయటికి పోవడం ఆగలేదు.

వాళ్లకు దండిగా ఉన్నది గాలి. 2001లో నార్త్ కేప్ అనే చోట ప్రభుత్వ సంస్థే గాలిమరలు పెట్టింది. 2007లో ఈస్ట్ పాయింట్‌లో 30 మెగావాట్లు, ఆ తర్వాత హెర్మన్‌విల్‌లో ఇంకో 30 మెగావాట్లు వచ్చాయి. సమ్మర్‌సైడ్ అనే చిన్న పట్నంలో మున్సిపాలిటీయే 2009లో 12 మెగావాట్ల గాలిమరలు పెట్టుకుంది. గాలి బాగా వీచి, వాడకం తక్కువున్న వేళ ఇళ్లలోని ఇటుకల హీటర్లను వేడెక్కించి, ఆ వేడిని తర్వాత వాడుకునే పద్ధతి కూడా పెట్టారు.

అదే దీవిలో ఒక ప్రైవేటు కంపెనీ 99 మెగావాట్ల గాలిమరలు పెట్టింది. ఆ కరెంటులో ఎక్కువ భాగం దీవి దాటి బయటికి అమ్ముడైంది. గాలి ఒకటే, నేల ఒకటే. కానీ మర ఎవరిదైతే లాభం వాళ్లది. స్థలం ఇచ్చినవాళ్లకు కౌలు మాత్రమే మిగులుతుంది. మనం పట్టుకోవాల్సిన మొదటి మాట ఇదే.

రెండో మాట: గాలి ఎప్పుడూ వీచదు, ఎండ రాత్రి కాయదు. అందుకే వాళ్లు కేబుళ్లను వదులుకోలేదు, 2017లో ఇంకో రెండు వేసుకున్నారు. మనకూ సబ్‌స్టేషన్ దగ్గర్లో ఉండాలి, లైను బాగుండాలి. లేకపోతే తయారైన కరెంటు ఎవరికీ అందదు.

మూడో మాట: 2022 సెప్టెంబరులో ఫియోనా తుఫాను వచ్చి ఆ దీవిని చీకటి చేసింది. కొన్ని ఇళ్లకు రెండు వారాలు దాటినా కరెంటు రాలేదు. మనకు వడగళ్లు, ఈదురుగాలులు, పిడుగులు ఉన్నాయి. బీమా, రిపేర్ల నిధి లేకుండా ప్లాంటు జోలికి పోవద్దు.

ఇక మన లెక్క. ఒక మెగావాట్ ప్లాంటుకు దాదాపు నాలుగెకరాలు కావాలి. ఖర్చు 3 కోట్లు అనుకుందాం. పదో వంతు మనం పెట్టుకుంటే 2 కోట్ల 70 లక్షలు బ్యాంకు అప్పు. ఏడాదికి 15 లక్షల యూనిట్లు వచ్చి, యూనిట్ 3 రూపాయలకు పోతే 45 లక్షలు. పది శాతం వడ్డీ అయితే మొదటి ఏడాది వడ్డీకే 27 లక్షలు. మిగిలిన 18 లక్షల్లోంచే అసలు కిస్తీ, బీమా, వాచ్‌మన్ జీతం, పలకలు కడిగే ఖర్చు పోవాలి. కాబట్టి మొదటి ఏడాదే చేతినిండా లాభం అని ఎవరైనా అంటే నమ్మకండి. అప్పు తీరేదాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాత వచ్చే ఆదాయం మన సమాఖ్యదే.

అందుకని అక్కలారా, ఇవాళే చేతులెత్తమని అడగడం లేదు. మీ గ్రామ సంఘం మీటింగులో ఐదు ప్రశ్నలు చర్చించండి. భూమి ఎవరి పేరు మీద ఉంటుంది? కరెంటు కొనే ఒప్పందం ఎన్నేళ్లకు, ఏ రేటుకు? కిస్తీ తప్పితే బాధ్యత ఎవరిది? రిపేరు నేర్చుకునే మన ఆడపిల్లలు ఎవరు? లాభంలో ఒంటరి మహిళలకు, నిరుపేద సభ్యులకు వాటా ఎంత? జవాబులు మినిట్స్ పుస్తకంలో రాయించి, సంతకాలతో వచ్చే సమావేశానికి తీసుకురండి. వాటిని చదివాకే తీర్మానం చేద్దాం.