అమెరికాయందలి నల్లజాతి యంత్రశిల్పులు



మన కులమువారి ఘనతను గూర్చి ఈ వేదికపై ప్రతివత్సరమును వినుచునే యున్నాము. నేడు మేము పరదేశమునందలి పరజాతివారి కథను విన్నవింపదలచితిమి. తెలివి యుండియు హక్కు లేనియెడల నేమగునో, హక్కు కలిగియు ధనము లేనియెడల నేమగునో, రెండును గలిగియు పేరు వ్రాసిపెట్టువారు లేనియెడల నేమగునో ఈ కథవలన తెలియగలదు.

అమెరికా సంయుక్త రాష్ట్రములయందు క్రొత్త సాధనమును కల్పించినవానికి దానిపై కొంతకాలము ప్రత్యేకాధికారమును చట్టము ప్రసాదించును. దీనినే పేటెంటు అందురు. న్యూయార్కులో దర్జీపని చేయుచుండిన థామస్ జెన్నింగ్సు, బట్టలకంటిన మురికి తీయు నూతన విధానమునకు 1821లో పేటెంటు పొందెను. నల్లజాతివారిలో దీనిని పొందిన మొదటివాడీతడే యని చెప్పుదురు. అయితే ఇతడు స్వతంత్రుడు. బానిసల గతి వేరు. మిసిసిపీ రాష్ట్రమున నెడ్ అను బానిస ప్రత్తిసేద్యమునకు ఒక పనిముట్టును కల్పింపగా, యజమానుడు దానిపై హక్కు తనకిమ్మని కోరెను. బానిస పౌరుడు కాడు గనుక వానికి పేటెంటు లేదనియు, యజమానుడు కల్పించినవాడు కాడు గనుక అతనికిని లేదనియు 1858లో ప్రభుత్వ న్యాయాధికారి నిర్ణయించెను. బుద్ధి నెడ్‌ది, కాని చట్టము దృష్టిలో నెడ్ మనుష్యుడే కాకపోయెను!

1865లో దాస్యము రద్దయ్యెను. పిమ్మట యాన్ మాట్జెలిగర్ అను యువకుని చరిత్ర వినుడు. ఇతడు 1852లో దక్షిణ అమెరికాయందలి సురినాములో జన్మించి, మసాచుసెట్సులోని లిన్ పట్టణము చేరి, జోళ్ల కర్మాగారమున పనికి కుదిరెను. పైతోలును పాదము వంటి అచ్చుపై బిగలాగి అడుగుతోలునకు చేర్చుట చేతులకే గాని యంత్రమునకు సాధ్యము కాదని అప్పటివారి నమ్మిక. నేర్పరియైనవాడు దినమునకు 50 జతలు చేసెడివాడు. మాట్జెలిగర్ పగలు కూలి చేసి, రాత్రులు చుట్టపెట్టెల చెక్కలతోను తీగలతోను నమూనా కట్టెను. అతడు పంపిన పటముల చిక్కుదనము చూచి పేటెంటు కచేరీవారు పరీక్షకుని లిన్ పట్టణమునకే పంపి, యంత్రము పనిచేయుట చూచిన మీదట 1883 మార్చి 20వ తేదీని పేటెంటు నిచ్చిరి. అది దినమునకు 150 మొదలు 700 జతలవరకు చేయగలిగెను. జోళ్ల వెల సుమారు సగమునకు దిగెను. కాని పెట్టుబడి లేమిచే అతడు తన హక్కులో మూడింట రెండుపాళ్లు భాగస్వాములకు ముందే ఒప్పజెప్పవలసివచ్చెను. 1889లో క్షయవ్యాధిచే 36 ఏండ్ల ప్రాయమున గతించెను.

పేటెంటు పత్రములయందు జాతి వ్రాయు ఆచారము లేదు. అందుచే, నల్లవారు కల్పించినదేమియు లేదని పలుకువారికి బదులు చెప్పుట కష్టమయ్యెను. బానిసగా పుట్టి దక్షిణ కరొలైనా ప్రతినిధియైన జార్జి మర్రే, 1894లో దేశ శాసనసభయందు స్వజాతివారి 92 పేటెంట్ల పట్టికను చదివి గ్రంథస్థము చేయించెను. పేటెంటు కచేరీలో ఉద్యోగియగు నల్లజాతీయుడు హెన్రీ బేకరు, 1900 ప్రాంతమున న్యాయవాదులకు జాబులు పంపి, మరుగుపడిన పేర్లనెన్నిటినో కూడబెట్టెను. వారు వ్రాయకున్న ఆ పేర్లలో ననేకము లడగారియే యుండును.

సోదరులారా! మన వృత్తులయందు పనిముట్లను మెరుగుపరచినవారు లేకపోలేదు. వారి పేర్లు మన సంచికలలో లేవు. రాబోవు సంచికకు ప్రతి గ్రామశాఖయు అట్టివారి పేరును, పనిని, సంవత్సరమును వ్రాసి పంపవలెనని ప్రార్థించుచున్నాము. తెలివిగల పేదబాలుడు తన కల్పనలో మూడింట రెండుపాళ్లు కోల్పోవు దుర్గతి రాకుండ, పోషకులు విద్యానిధితోబాటు ఒక పనిముట్ల నిధిని గూడ నెలకొల్పుదురుగాక యని కోరుచు విరమించుచున్నాము.