గాజుతొట్టిలో సముద్రము



1968 వేసవిలో నేను కళింగపట్నమున మా మేనమామగారి ఇంట నుంటిని. ఒక ఉదయమున జాలరులు అలివి వలను ఒడ్డునకు లాగుచుండగా చూడబోయితిని. నెత్తళ్ల కుప్పలో వ్రేలెడు పొడవు గల వింత ప్రాణి యొకటి కదలుచుండెను. దాని తల గుఱ్ఱపు తల. తోక కోతి తోకవలె చుట్టుకొనియున్నది. వలలాగువారిలో ఒక వృద్ధుడు దానిని నా అరచేతిలో నుంచి, "పట్టుకెళ్లు బాబూ, ఇది కూరకు పనికిరాదు" అనెను. ఇంటికి పోయి, గాజు జాడీలో సముద్రపు నీరు నింపి, దానిని అందులో విడిచి కిటికీలో పెట్టితిని. మొదటినాడు అది నిలువుగా నిలిచి ఠీవిగా ఈదినది. రెండవనాడు అడుగున వ్రాలినది. ఆకలియేమోయని అన్నపు మెతుకులు వేసితిని. అది వానివంక చూడనైన లేదు. మూడవనాటి ఉదయమునకు ప్రాణము పోయినది. మా అత్తయ్య ఏమియు అనక జాడీని కడిగి బోర్లించినది.

ఆ జాడీలో ఏమి జరిగెనో తెలిసికొనుటకు నాకు చాల సంవత్సరములు పట్టినది.

సముద్రపు గుఱ్ఱము చేపయే. అయితే దానికి పొలుసులు లేవు. ఎముక వలయములే కవచము. పండ్లు లేవు, జీర్ణకోశమును లేదు. గొట్టమువంటి మూతితో సన్నని రొయ్యపిల్లలను పీల్చి మ్రింగును. తిన్నది కడుపులో నిలువదు గనుక దినమంతయు తినుచునే యుండవలెను. అదియు ప్రాణముతో కదలు ఆహారమైననే దానికి రుచించును. నా మెతుకులను అది ఏల ముట్టును? ఇక ఈత సంగతి. వీపుమీది చిన్న రెక్కను సెకనుకు ముప్పదిసార్లకు పైగా ఆడించినను అది పోగల దూరము స్వల్పము. అందుచేత సముద్రపు గడ్డిని తోకతో చుట్టి పట్టుకొని నిలుచును. నా జాడీ గోడలు నున్నని గాజు. పట్టుకొనుటకు ఒక్క పుడకయైన లేక అది రెండు దినములు అలసినది. ఈ జాతిలో గర్భమును మోయువాడు మగవాడు. ఆడది అతని పొట్టసంచిలో గ్రుడ్లు విడుచును. కొన్ని వారములకు అతడు పిల్లలను కనును. మా అత్తయ్యకు ఈ సంగతి ముందే తెలిసియున్నచో మా మామగారికి ఏమి చెప్పియుండెడిదో నేను ఊహింపగలను.

ఆకలికంటె, అలసటకంటె ముందుగా దానిని చంపినది కంటికి కానరాని విషము. చేప విసర్జించు దానినుండియు, క్రుళ్లిన మెతుకులనుండియు అమోనియా పుట్టును. సముద్రమున దానిని సూక్ష్మజీవులు హరించును. ఒక తెగ అమోనియాను నైట్రైటుగను, వేరొక తెగ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగను మార్చును. కొత్త తొట్టిలో ఈ రెండు తెగలును ఉండవు. అవి ఇసుకమీదను, వడపోత పెట్టెలోను స్థిరపడుటకు నాలుగు మొదలు ఆరు వారములు కావలెను. అంతవరకు తొట్టిలో నీరు తిరుగుచుండవలెను, చేప మాత్రము ఉండరాదు. ఇచ్చటనే మనవారికి ఓపిక చాలదు. నీరు పోసిననాడే చేపను విడుచుట, గోడలు లేవకముందే గృహప్రవేశము చేయుటయే.

నీటి విషయమున మన తీరమునకొక ప్రత్యేకత గలదు. నడిసముద్రపు నీటిలో లీటరుకు ఇంచుమించు 35 గ్రాముల ఉప్పుండును. వానకాలము ముగియునప్పటికి వంశధార, నాగావళి నదులు మొదలుకొని ఉత్తరపు మహానదులన్నియు బంగాళాఖాతమున క్రుమ్మరించిన మంచినీటిచే మన ఒడ్డున ఆ ఉప్పు చాల పలుచబడును. మే నెలలో తెచ్చిన కడవ నీరును, అక్టోబరులో తెచ్చిన కడవ నీరును ఒకటి కావు. రెంటినీ హైడ్రోమీటరుతో కొలిచిన పిదపనే తొట్టిలో పోయవలెను. తొట్టిలోని నీరు ఆవిరియైనప్పుడు ఉప్పు లోపలనే మిగులును గనుక, తరిగినంత మేర మంచినీటితో నింపవలెను గాని ఉప్పునీటితో కాదు. చిన్న తొట్టిలో నీటి గుణము గంటలలో మారిపోవును; 200 లీటర్ల తొట్టి కొంత క్షమించును. మరి విద్యుత్తు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటిన పిమ్మట మన పల్లెలు ఎన్ని దినములు చీకటిలో నుండెనో మీకు జ్ఞాపకముండును. గాలిపంపు ఆగిన తొట్టి అట్టి దినములలో నిలువదు. బ్యాటరీతో నడచు పంపు లేనివారు ఈ పనికి పూనుకొనకుండుటయే మేలు.

ఇంత సిద్ధము చేసికొన్నవారును సముద్రపు గుఱ్ఱమును తేరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి అనుబంధమున 2001లో దానిని చేర్చిరి. దానిని పట్టుటయు, అమ్ముటయు నేరము. 2004 నుండి దేశాంతర వ్యాపారమునకును అంతర్జాతీయ నియమములున్నవి. ఎండిన సముద్రపు గుఱ్ఱములను మందులకై చైనా మొదలగు దేశములు కొనుచుండుటయు, ట్రాలు వలలు సముద్రపు అడుగును ఊడ్చుటయు ఇందుకు కారణములు. మనకు ఉత్తరమున గంజాము తీరమునందలి ఆర్యపల్లిలో వలకు చిక్కిన పెద్దజాతి సముద్రపు గుఱ్ఱమును గూర్చి 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దక్షిణమున కోరమండల తీరపు వేటయొత్తిడి తాళలేక ఆ జాతి ఉత్తరమునకు వచ్చుచుండవచ్చునని వారి ఊహ.

ఈ ముచ్చట తెచ్చు చేటు క్రొత్తది కాదు. ఇంటి తొట్టెలకు అక్వేరియమను పేరును వ్యాపింపజేసినవాడు ఫిలిప్ హెన్రీ గాస్ అను ఆంగ్లేయుడు. 1854లో ఆయన ఆ పేరుతోనే గ్రంథము వ్రాసెను. అది చదివినవారు బుట్టలతో, కూజాలతో ఇంగ్లండు ఒడ్డులకు బయలుదేరిరి. అందాల రాతిమడుగులు ఖాళీయైపోయినవని ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో బాధతో వ్రాసినాడు. తండ్రి ప్రేమించినదానినే తండ్రి పుస్తకము పాడుచేసినదన్నమాట. నా జాడీ ఒక్కటే. అట్టి జాడీలు ఊరికి నూరైనచో?

సముద్రపు తొట్టి పెట్టవలెనని నిజముగ కోరికయున్నవారికి దారి లేకపోలేదు. నారింజరంగు మేనిపై తెల్లని పట్టెలుండు క్లౌను చేపలను కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు తొట్లలోనే గ్రుడ్లు పెట్టించి పెంచు విధానమును రూపొందించిరి. అట్లు పుట్టిన పిల్లలను అడిగి కొనుడు. అవి చిన్ననాటినుండియు వేసిన మేతను తినుటకు అలవాటుపడినవి. మన వేసవి వేడికిని కొంత ఓర్చును. అలంకారమునకై పగడపు కొమ్మలు మాత్రము వలదు. పగడములును అదే చట్టపు రక్షణలో నున్నవి. నల్లరాతి ముక్కలు, పగిలిన మట్టికుండ పెంకులు చాలును. చేపలు వానిని తప్పుపట్టవు.

గత సంవత్సరము మా మనుమరాలితో మరల కళింగపట్నము వెళ్లితిని. ఒడ్డుకు వచ్చిన వలలో మరల ఒకటి కనిపించినది. ఇంకను తోక కదలించుచుండెను. పిల్ల నావంక చూచినది. ఒక పడుచువాడు దానిని సముద్రపు నీటి బకెట్టులో వేసికొని, అలలు విరుగుచోటు దాటువరకు నడుములోతున పోయి, బకెట్టును నీటిలో ముంచి వంచినాడు. ఒడ్డున విడిచినచో అల మరల ఇసుకమీదికే త్రోయునట. ఆ సంగతి నాకు అతడే చెప్పినాడు.