ప్రాణవాయువు చాలనిచోట పెరుగు కాన్సరు
(గ్రామసభలో చేసిన ప్రసంగ పాఠము)



రాచపుండని మన పెద్దలు చెప్పిన వ్యాధినే నేడు అందరును కాన్సరని పిలుచుచున్నారు. ఆ పేరు విన్నంతనే జనులు భయపడుదురు, భయపడి దాచుకొందురు. దాచినంత కాలము లోపల ఏమి జరుగుచుండునో శాస్త్రజ్ఞులు కనుగొనియున్నారు. ఆ సంగతి తెలిసినచో ఆలస్యము ఎంత ప్రమాదకరమో బోధపడును. అది చెప్పుటకే నేడు మీ యెదుట నిలిచితిని.

మన దేహము లెక్కలేనన్ని జీవకణముల సముదాయము. ప్రతి కణమునకును ప్రాణవాయువు, అనగా ఆక్సిజను, కావలెను. రక్తము దానిని ఊపిరితిత్తుల నుండి గైకొని సన్నని నాళముల ద్వారా కణములకు అందించును. నాళము నుండి ప్రాణవాయువు చేరగల దూరము సుమారు మిల్లీమీటరులో ఐదవ వంతు మాత్రమే. కాలువ ప్రక్కనున్న చేనికి నీరు చక్కగా పారును. ఆయకట్టు చివరనున్న చేనికి అందదు. దేహములోను అట్లే.

కాన్సరు గడ్డలో కణములు అదుపు లేక పెరుగును. నాళములు ఆ వేగముతో పెరుగజాలవు. 1955లో ఇంగ్లండునందు టామ్లిన్సన్, గ్రే అను శాస్త్రజ్ఞులు ఊపిరితిత్తుల కాన్సరును సూక్ష్మదర్శినితో పరిశీలించి, నాళములకు దూరమైన కణములు మరణించియుండుటను చూపిరి.

అట్లయినచో కాన్సరు తనంతట తానే నశింపవలెను గదా యని మీరడుగవచ్చును. నశింపదు. ఏల నశింపదో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన గ్రెగ్ సెమెంజా పరిశోధన వలన తెలియవచ్చినది. ఆయన మొదట వెదకినది కాన్సరు రహస్యము కాదు. ప్రాణవాయువు తగ్గినపుడు ఎర్ర రక్తకణములను పెంచు పదార్థమొకటి దేహమున అధికమగును. అది ఎట్లు జరుగునని విచారించుచు, 1992లో హిఫ్-1 అను మాంసకృత్తును గుర్తించెను.

ఇది కణమునకు కావలివాని వంటిది. ప్రాణవాయువు సమృద్ధిగా నున్నపుడు కణము దీనిలోని ముఖ్యభాగమును ఎప్పటికప్పుడు నశింపజేయుచుండును. కొరత కలిగినపుడు అది నిలిచి, పెక్కు జన్యువులను మేల్కొల్పును. అంతట క్రొత్త రక్తనాళములు మొలచును. కణములు తక్కువ ప్రాణవాయువుతోనే, చక్కెరను అధికముగా వాడుకొని బ్రదుకును. ఎత్తైన కొండలపై నివసించువారికిని, గాయము మానవలసిన వారికిని ఇది మేలు చేయు ఏర్పాటు.

కాన్సరు ఈ మేలునే తనకు అనుకూలముగా త్రిప్పుకొనును. చివరి చేనివాడు పెద్దకాలువకు గండికొట్టినట్లు, అది క్రొత్త నాళములను తనవైపు రప్పించుకొనును. అవి వంకరటింకరగా పెరిగి కారుచుండును. కావున కొరత తీరదు. గడ్డ మాత్రము పెరుగును. ఆ కొరతలో బ్రదికిన కణములలో కొన్ని చోటు విడిచి ఇతర అవయవములకు ప్రాకును. ప్రాణవాయువు చాలని కణములను చంపుటకు కిరణచికిత్స దాదాపు మూడురెట్లు కావలసియుండును.

ఈ ఏర్పాటును వెల్లడించినందుకు సెమెంజాకును, అమెరికా శాస్త్రజ్ఞుడు విలియం కేలిన్‌కును, ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు పీటర్ రాట్‌క్లిఫ్‌కును 2019లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమానము లభించినది. హిఫ్-1కు తోబుట్టువు వంటి హిఫ్-2ను అరికట్టు బెల్జుటిఫాన్ అను మందును 2021లో అమెరికా ప్రభుత్వము ఆమోదించినది. అది కొన్ని మూత్రపిండ కాన్సరులకును, మరికొన్ని అరుదైన గడ్డలకును ఉపకరించును. అన్ని కాన్సరులకు కాదు.

ఒక హెచ్చరిక. ప్రాణవాయువు సీసాలతోనో, శ్వాస సాధనలతోనో కాన్సరు మానునని ఎవరైన చెప్పినచో నమ్మవలదు. జలాశయమున నీరెంత నిండినను, కాలువ లేని చేనికి అది పారదు. గడ్డలోని కొరత ఊపిరి వలన కలిగినది కాదు, ఊపిరితో తీరదు.

కావున మనము చేయవలసినదేమి? నోటిలో మూడు వారములకును మానని పుండు, రొమ్ములో గడ్డ, ముట్టుడిగిన పిదప రక్తస్రావము కనబడినచో, కోతలు కానిమ్ము, పెండ్లి కానిమ్మని వాయిదా వేయరాదు. వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవలెను. ఏ బాధయు లేకున్నను, 30 ఏండ్లు నిండినవారు ప్రభుత్వ కేంద్రములలో జరుగు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సరు పరీక్షలు చేయించుకొనవలెను. బీడీ, చుట్ట, ఖైనీ మానవలెను. ఉత్తర కోస్తా గ్రామములలో నిప్పును నోటిలోపల నుంచి చుట్ట త్రాగు అడ్డపొగ అలవాటు అంగిలి కాన్సరునకు దారితీయును. మన తల్లులు దానిని విడువవలెను.

గండి చిన్నదిగా నున్నపుడు బుట్టెడు మట్టితో పూడ్చవచ్చును. పెద్దదైన పిదప ఊరంతయు కూడినను కష్టమే. మీ ఇంట ఎవరైన ఏదైన దాచుచున్నచో, నేటి రాత్రియే మెల్లగా అడుగుడు. రేపు వెంటబెట్టుకొని పొండు.